శనివారం ట్యూషన్లు సరే, సోమవారం సంగతేమిటి?

నలుగురు తెలుగువాళ్లం ఒకచోట చేరితే, అమెరికా స్కూళ్లలో లెక్కలు సరిగా చెప్పరన్న విమర్శ రాకుండా భోజనాలు పూర్తికావు. మాట అబద్ధం కాదు. 2022 పీసా అంతర్జాతీయ పరీక్షలో ఇక్కడి పదిహేనేళ్ల పిల్లల లెక్కల సగటు 465. సింగపూరు పిల్లలది 575. (సైన్సులో 499 తెచ్చుకుని ఓఈసీడీ దేశాల సగటు 485ను దాటారు. అదీ చెప్పుకోవాలి.) ఈ దేశపు సొంత జాతీయ పరీక్షలో ఎనిమిదో క్లాసు లెక్కల సగటు 2019లో 282 వుండగా 2022లో 274కు పడింది. 2024లోనూ కోలుకోలేదు.

విమర్శ అయ్యాక మనం చేస్తున్నదేమిటి? డబ్బు కట్టి శనివారం పిల్లల్ని ట్యూషన్ సెంటరులో దింపి వస్తున్నాం. మనవాడు గట్టెక్కితే చాలు, స్కూలు ఏమైతేనేం! నిర్మొహమాటంగా చెప్పుకుందాం, ఇది స్వార్థం. పైగా తెలివితక్కువ స్వార్థం. వారంలో అయిదు రోజులు పిల్లవాడు కూర్చునేది ఆ స్కూల్లోనే. ట్యూషన్ గుణకారాలు వేగంగా చేయించగలదు గాని, లోలకం వూపి కాలం కొలిపించదు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏం జరిగిందో చూడండి. 2014లో అక్కడి స్కూలు జిల్లా ఎనిమిదో క్లాసు ఆల్జీబ్రా తీసేసి, అందరూ తొమ్మిదిలోనే చదవాలంది. పేద పిల్లలు వెనకబడకూడదన్నది వుద్దేశం, అందులో తప్పులేదు. తీరా డబ్బున్నవాళ్లు ఆల్జీబ్రాను బయట కొనుక్కున్నారు, లేనివాళ్లు ఆగిపోయారు. ఈ విధానాన్ని మార్చింది ట్యూషన్ సెంటర్లు కాదు. తల్లిదండ్రులు ఏళ్లతరబడి పోరితే 2024 ఫిబ్రవరిలో బోర్డు దిగివచ్చింది. మార్చిలో వోటర్లు కూడా పెద్ద మెజారిటీతో ఆల్జీబ్రా తిరిగి కావాలన్నారు.

"మన దేశంలో అయితేనా!" అనే పెద్దలకు ఒక మాట. లాబరేటరీ బీరువాకు తాళం వేసి, ఒకరి రికార్డు చూసి మరొకరు నింపుకున్న స్కూళ్లు మనలో చాలామందికి తెలుసు. ఇంటర్ పిల్లల్ని హాస్టళ్లలో కుక్కి, తెల్లవారుజాము నుంచి రాత్రిదాకా ఎంట్రన్సు ప్రశ్నలు బట్టీ పట్టించే కార్పొరేటు కాలేజీలూ తెలుసు. ఆ సరుకును దిగుమతి చేసుకోనక్కరలేదు.

ఇక్కడి వ్యవస్థ కదలనిదేమీ కాదు. 1957లో రష్యావాళ్ల స్పుత్నిక్ ఎగరగానే, 1958లో చట్టం చేసి మరీ లెక్కలకూ సైన్సుకూ డబ్బు పోశారు. ఇప్పుడు కదిలించవలసినవాళ్లం మనం. చాలా జిల్లాల్లో స్కూలు బోర్డు జనం ఎన్నుకున్నదే, మన ఆస్తిపన్నులో పెద్దవాటా పోయేదీ ఆ స్కూళ్లకే. పౌరసత్వం రానివాళ్లకు వోటు వుండకపోవచ్చు, బహిరంగ సమావేశంలో లేచి మాట్లాడడానికి అడ్డేమిటి? మనలో ఇంతమంది ఇంజనీర్లు, డాక్టర్లు వున్నారు కదా, ఒక్కసారైనా వెళ్లినవాళ్లెందరు?

వెళ్లి అడగవలసినవి బ్రహ్మవిద్యలేమీ కావు. మిడిల్ స్కూల్లో లెక్కలు చెప్పే టీచరు లెక్కలు చదువుకున్న మనిషేనా? సిద్ధంగా వున్న ప్రతి పిల్లకీ ఎనిమిదిలో ఆల్జీబ్రా స్కూల్లోనే అందుతోందా? సైన్సు క్లాసులో పిల్లలు తమ చేత్తో చేసే ప్రయోగాలు నెలకు ఎన్ని? వచ్చే బోర్డు సమావేశం ఎప్పుడో జిల్లా ఆఫీసుకు ఫోను చేస్తే చెబుతారు.