చెవిలో వేసిన గ్లూకూ లెక్క ఉండాలి

కర్ణభేరికి చిల్లు పడితే, చెవికి పైనున్న కండరం మీది పలుచని పొరను తీసి అక్కడ అతుకు వేస్తారు. ఆ అతుకు కదలకుండా చాలాసార్లు జెల్‌ఫోమ్ అనే స్పాంజి ముక్కలే ఆపుతాయి. చెవి ఆపరేషన్‌లో ఎముక తొలిచేటప్పుడు మెదడు చుట్టూ ఉండే ద్రవం కారడం మొదలైతే మాత్రం ఫైబ్రిన్ గ్లూ బయటికి వస్తుంది. జంట సిరంజీల్లో ఒకదాంట్లో ఫైబ్రినోజెన్, ఇంకోదాంట్లో త్రాంబిన్. సూది మొన దగ్గర రెండూ కలిశాయో లేదో, క్షణాల్లో తెల్లటి జెల్లీలా బిగుసుకుంటాయి. దెబ్బ తగిలినచోట రక్తం గడ్డకట్టేదీ ఇలాగే.

అది కరిగేదీ సహజంగానే. ఒంట్లోని ప్లాస్మిన్ అనే ఎంజైమ్ సుమారు రెండు వారాల్లో ఆ గడ్డను విరగ్గొడుతుంది, ఈలోగా సొంత కణజాలం అల్లుకుంటుంది. సయనోఎక్రిలేట్ అనే ఇంకో రకం గ్లూ అంత తేలిగ్గా కరగదు, మధ్య చెవిలో మిగిలిపోయి వాపు రేపగలదు. గ్లూటరాల్డిహైడ్ కలిసిన గ్లూలతో నరాలకు ముప్పు. ముఖ కండరాలను కదిలించే నరం చెవి లోపలినుంచే వెళ్తుంది మరి! అందుకే చెవికి ఫైబ్రినే మేలు.

కానీ అది ఎవరి రక్తం?

ఎందరో దాతల ప్లాస్మాను కలిపి దీన్ని తయారుచేస్తారు. హెపటైటిస్ భయంతో 1970ల చివర్లో అమెరికా ఫైబ్రినోజెన్ మందుల అనుమతులు రద్దు చేసింది. టిస్సీల్ అనే గ్లూకు అక్కడ అనుమతి దొరికింది 1998లోనే. దాతల పరీక్షలు, వైరస్‌లను చంపే పద్ధతులు వచ్చాక హెచ్‌ఐవీ, హెపటైటిస్‌ల ముప్పు చాలా తగ్గింది. పార్వోవైరస్ బి19 మాత్రం మొండిది. గర్భిణులకు, రోగనిరోధకశక్తి తగ్గినవారికి అది ప్రమాదం. పశువుల త్రాంబిన్ వాడిన కొందరిలో రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్-5 మీద యాంటీబాడీలు పుట్టి, రక్తస్రావాలు జరిగాయి.

ఈ మాటలు విని ఎవరూ ఆపరేషన్ మానుకోనక్కర్లేదు. సంతకం పెట్టించుకునే ముందు మాత్రం రోగికి అర్థమయ్యే తెలుగులో చెప్పాలి: వాడబోయేది మనిషి ప్లాస్మాతో చేసిన గ్లూ అని, అందులో పశువుల పదార్థం ఉంటే అదీ. యూరప్‌లో ఈ గ్లూ వాడినప్పుడల్లా పేరు, బ్యాచ్ నంబర్ రోగి రికార్డులో రాయమని గట్టిగా సూచిస్తారు. మన ఆసుపత్రులు ఆ వివరాలను డిశ్చార్జ్ సమ్మరీలోనూ రాసివ్వాలి. చెవిలో కొలెస్టియటోమా (మధ్య చెవిలో చర్మం పేరుకుని పెరిగే గడ్డ) ఉన్నవాళ్లకు రెండో ఆపరేషన్ మామూలే. గ్లూ త్వరగా కరగకుండా కలిపే అప్రొటినిన్ రెండోసారి ఒంట్లోకి వెళ్తే తీవ్రమైన అలర్జీ ముప్పు పెరుగుతుంది. మొదటిసారి ఏం వాడారో కాగితం మీద లేకపోతే రెండో సర్జన్‌కు ఆ సంగతి తెలిసేదెలా?