బొమ్మ ఎవరిది? చెయ్యి ఎవరిది?

కంప్యూటరు బొమ్మ గీయగలదా అన్న ప్రశ్న పాతబడినది. గీస్తున్నది, మనము కన్ను మూసి తెరిచేలోగా నూరు గీస్తున్నది. ఇప్పుడు విచారించవలసిన విషయము వేరు. ఆ బొమ్మ తెరను విడిచి కాగితము మీదికో, గుడ్డ మీదికో, సున్నపు గచ్చు మీదికో దిగినప్పుడు అది ఎవరి పని అని చెప్పుకోవాలి? కళాశాల చిత్రలేఖన పోటీకి కంప్యూటరు పుట్టించిన చిత్రాలను అచ్చు వేయించి ఇవ్వవచ్చునా అని కొందరు విద్యార్థులు అడుగుతున్నారు. బొత్తిగా కూడదని కొందరు పెద్దల మాట. మేము కూడదనే పక్షాన లేము. అట్లని తలుపులు బార్లా తెరవమనే పక్షానా లేము.

జనరేటివ్ ఆర్టు అని వ్యవహరించే ఈ కళలో చిత్రకారుడు బొమ్మను గీయడు; బొమ్మ పుట్టవలసిన నియమాన్ని వ్రాస్తాడు. గడి ఎంత, గీత ఎటు తిరగాలి, ఎంతమేరకు తనంత తాను చెదరాలి, ఇంతవరకు అతనిది. తక్కినది యంత్రము సాగిస్తుంది. 1965లో జర్మనీలోని స్టుట్‌గార్టు నగరములో గేఆర్గ్ నేస్ ఇటువంటి చిత్రాలను ప్రదర్శించినాడు. హంగెరీలో పుట్టి పారిసులో స్థిరపడిన వేరా మోల్నార్ 1968 నుండి ఈ పద్ధతిలో కృషి చేసి, 2023లో 99 ఏండ్ల వయస్సున కన్నుమూసినారు. ఆమె తొలినాళ్ల యంత్రానికి బొమ్మ చూపే తెర లేదు. ప్లాటరు అనే, కలము పట్టిన యంత్రము కాగితము మీద గీసి ఇచ్చేదాకా ఏమి పుట్టినదో ఆమెకే తెలియదు. అనగా ఈ కళ పుట్టినదే కాగితము మీద. తెర తరువాత వచ్చినది. మన విద్యార్థులలో పలువురు ఈ సంగతి ఎరుగరు.

నియమముతో రూపము పుట్టించడము మన ఇండ్లలోని స్త్రీలకు కొత్తగా నేర్పవలసిన విద్య కాదు. చుక్కలు పెట్టి, ప్రతి చుక్కనూ చుట్టి వచ్చేలా గీతను నడిపే మెలికల ముగ్గు అదే. మద్రాసు సమీపాన తాంబరములోని మద్రాసు క్రైస్తవ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ దంపతులు, కమలా కృతివాసన్ గారితో కలసి 1974లో తమిళుల కోలములకు గణితశాస్త్ర రీతిని వ్యాకరణము వ్రాసి ప్రచురించినారు. అదియూ మన కళాశాల వంటి అల్పసంఖ్యాకుల కళాశాలయే అని కమిటీ పెద్దలకు మనవి చేస్తున్నాము.

అయితే మా వాదానికి అసలు సాక్ష్యము పోచంపల్లి. 2016లో జిల్లాలు విడిపోక పూర్వము అదీ మన మఠంపల్లీ ఒకే నల్లగొండ జిల్లాలోనివి. అక్కడి నేతలో దారము మగ్గమెక్కక ముందే, దారము దారముగా ఉన్నప్పుడే, బొమ్మ దానిలో ఇమిడిపోవాలి. ముందుగా గ్రాఫు కాగితము మీద గడులు నింపుతారు. ఆపై ఆసు పోస్తారు. ఒక కొసన ఒక మేకు, ఎదుట అర్ధచంద్రాకారముగా వరుస మేకులు. వాటి మధ్య దారము పట్టిన చెయ్యి అటూ ఇటూ తిరుగుతూనే ఉండాలి. ఒక్క చీరకు ఇంచుమించు 9,000 సార్లు. పిమ్మట గుర్తులు పెట్టి, రబ్బరు పట్టీలతో చిటికి కట్టి, రంగులో ముంచి, విప్పి, మరల కట్టి మరల ముంచుతారు. కట్టు బిగిసిన చోట రంగు పట్టదు, విడిచిన చోట పట్టుతుంది. కంప్యూటరు వర్ణమాలలోనూ ఈ రెండే గదా అక్షరాలు! చివరకు మగ్గము మీద ఆ పోగులన్నీ తమ తమ స్థానాలకు వచ్చి ఏనుగో చిలుకో కావాలి. అవుతుంది. కాని ప్రతి పోగూ రవ్వంత జరుగుతుంది. ఆ జరుగుడు వలన అంచు మసకబారుతుంది. ఆ మసకను తీసివేస్తే అది పోచంపల్లి కాదు.

ఆసు పోసి పోసి తల్లి లక్ష్మి గారి భుజాలు నొప్పిపెట్టడము చూడలేక చింతకింది మల్లేశం గారు 1999లో ఆ పని చేసే యంత్రాన్ని నిర్మించి, దానికి ఆమె పేరే పెట్టినారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగినది. 2017లో వారికి పద్మశ్రీ లభించినది. యంత్రమనగానే చేనేతకు శత్రువనే వారికి ఇంతకన్న సమాధానము అక్కరలేదు. భుజాల నొప్పిని తీసుకొనిపోయే యంత్రము ఒకటి, కూలినే తీసుకొనిపోయే యంత్రము మరొకటి. రెండింటినీ ఒకే గాట కట్టడము న్యాయము కాదు.

ఆ రెండవది అచ్చు యంత్రము. నేతగాని నమూనాను ఫోటో తీసి, కంప్యూటరులో సవరించి, పాలియెస్టరు గుడ్డ మీద గజాలకొద్దీ కొట్టించి సంతలో అమ్ముతున్నారు. పోగు జరగడము వలన వచ్చిన మసకను కూడ అచ్చు వేస్తున్నారంటే ఏమనాలి? చేనేతకు కొన్ని వస్త్రాలను ప్రత్యేకించిన చట్టము 1985లోనే వచ్చినది. పోచంపల్లి ఇకత్తుకు 2005 నాటికి భౌగోళిక గుర్తింపూ లభించినది. కాని గుర్తింపు కాపాడేది పేరును. పేరెత్తకుండా అమ్మే గుడ్డను అది ఏమి చేయగలదు? కొనేవారు ఒకసారి గుడ్డను తిరగవేసి చూడాలి. నేసిన ఇకత్తు ఇరువైపులా ఒకేలా ఉంటుంది. ఒకవైపు వేసిన అచ్చు వెనుక వెలవెలబోతుంది.

ఇటీవల నాలుగు మాటలు చెబితే చిత్రమిచ్చే యంత్రాలు వచ్చినవి. అక్కడ నియమము కూడ విద్యార్థిది కాదు; ఊరూపేరూ చెప్పని వేలమంది చిత్రాలను చూచి యంత్రము నేర్చుకున్నది. మోల్నార్ చేసిన పనినీ దీనినీ ఒకే పేరుతో పిలవడము మాకు సమ్మతము కాదు.

ఉర్దూ విద్యార్థులకు దగ్గర ఉదాహరణ ఒకటున్నది. నస్తాలీఖు లిపిని సీసపు అక్షరాలలో ఇమడ్చడము కష్టమై ఉర్దూ పత్రికలు చిరకాలము కాతిబుల చేతివ్రాతతోనే వెలువడినవి. 1981 ప్రాంతాన కరాచీకి చెందిన మీర్జా అహ్మద్ జమీల్ గారు వేలాది అక్షర సంపుటులను స్వహస్తముతో వ్రాసి కంప్యూటరు అచ్చుకు ఇచ్చినారు. తండ్రి నూర్ అహ్మద్ గారి పేరిట అది నూరీ నస్తాలీఖు అయినది. కాతిబుల జీవనము పోయినది. దానికి మేము సంతోషించము. అయినను ఆ అక్షరాల వెనుక ఏ ఇంటి చెయ్యి ఉన్నదో పేరే చెబుతున్నది. సంతలోని అచ్చు చీర మీద ఏ నేతగాని పేరున్నది?

కనుక మా సూచన ఇది. పోటీలో కంప్యూటరు చిత్రాలను అనుమతించండి. కాని విద్యార్థి తన నియమాన్ని స్వదస్తూరితో వ్రాసి జతపరచాలి. ఆ రూపాన్ని కాగితముగానో, గుడ్డగానో, గచ్చుగానో చేతికి అందేలా చేసి తీసుకొని రావాలి. చేయడములో సాయపడిన దర్జీ, రంగులవాడు, తాపీమేస్త్రీ, తల్లి, ఎవరైనా సరే, వారి పేరు చీటీ మీద విద్యార్థి పేరు ప్రక్కనే ఉండాలి. నమూనా మరొకరిదైతే అదీ వ్రాయాలి. పదార్థము దొరకదనే సాకు చెల్లదు. మనది సున్నపురాతి నేల, సిమెంటు కర్మాగారాల నేల. 1591 నాటి చార్మినారు మీది గచ్చు నగిషీ సున్నముతో చేసినదే. 2023లో సిద్దిపేట సమీపాన బూరుగుపల్లిలో యంత్రము కాంక్రీటును పొరలు పొరలుగా పేర్చి ఒక ఆలయాన్నే నిలిపినది. మనకు అంత యంత్రము వద్దు. ఒక తట్టెడు సున్నము, ఒక చెక్క అచ్చు చాలును.

పోటీకి ముందు విద్యార్థులను ఒకనాడు పోచంపల్లికి పంపి ఆసు దగ్గర కూర్చుండబెట్టడము కమిటీవారి చేతిలోని పని. బస్సు ఖర్చులో సగము విద్యార్థులు భరిస్తామంటున్నారు. తక్కిన సగము సంగతి వచ్చే సమావేశములో తేల్చవలసినదిగా కోరుతున్నాము.