బండ్లకు ఉన్న లెక్క

2018 సెప్టెంబరు 11, మంగళవారం. జగిత్యాల డిపో ఆర్టీసీ బస్సు కొండగట్టు ఘాట్ రోడ్డు దిగుతూ లోయలో పడింది. అరవై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది స్త్రీలు. కొడిమ్యాల మండలంలోని శనివారంపేట, హిమ్మత్‌రావుపేట, రాంసాగర్, డబ్బు తిమ్మాయిపల్లి వంటి పల్లెల నుంచి జగిత్యాలకు పోతున్న రైతు, కూలి కుటుంబాల మనుషులు. యాభై, అరవై మందికి సరిపోయే ఆ బస్సులో వందమంది దాకా ఉన్నారు.

ఆనాడు బ్రేకుల గురించి, డ్రైవర్ గురించి, డిపో అధికారి సస్పెన్షన్ గురించి, ఎక్స్‌గ్రేషియా గురించి చాలా చర్చ జరిగింది. జరగవలసిందే. కానీ ఆ చర్చలో నాకు కనబడనిది ఒకటుంది. పెద్ద బండ్లు నడవకూడదన్న మాట ఉన్న ఆ ఘాట్ మీదుగా పల్లె బస్సు ఎందుకు పోయింది? ఒక్క బస్సులో వందమంది ఎక్కారంటే ఆ ఊళ్లకు ఆ వేళకు మరో బస్సు లేదనే కదా అర్థం? ఏ తొవ్వన బస్సు పోవాలి, ఎక్కడ ఆగాలి, ఆగినచోట ఏముండాలి అన్నది ఎవరు, ఎవరిని అడిగి నిర్ణయించారు? ప్రమాదాన్ని యంత్రం తప్పుగానో, మనిషి తప్పుగానో చూడటం మనకు అలవాటు. దాని వెనకాల ఒక ప్రణాళిక ఉందని, ఆ ప్రణాళికలో కొందరికి లెక్క ఉండి కొందరికి లేదని చూడటం ఇంకా అలవాటు కాలేదు.

ఆ తరువాత కొండగట్టుకు డబ్బు ప్రకటనలు వచ్చాయి. 2022 డిసెంబరులో అప్పటి ముఖ్యమంత్రి అంజన్న గుడికి వంద కోట్లు ప్రకటించారు. 2023 ఫిబ్రవరిలో స్వయంగా వచ్చి మరో అయిదు వందల కోట్లు అన్నారు. ప్రభుత్వం మారింది, ప్రకటనలు కొత్త రూపంలో కొనసాగుతున్నాయి. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్న ప్రశ్న ముఖ్యమే గానీ, ఈ సంపాదకీయంలో నేను అడగదలచింది అది కాదు. క్షేత్రాల అభివృద్ధి ప్రణాళిక ఏది తెరిచినా ముందు పేజీల్లో పార్కింగ్ స్థలాలు, కాటేజీలు, రోడ్ల వెడల్పు ఉంటాయి. బస్సు దిగిన మనిషి ఎక్కడ నిలబడాలన్నది, ఉంటే, చివర్లో ఉంటుంది.

ఇది కొండగట్టు ఒక్కదాని సంగతి కాదు. మన చట్టాల్లోనే ఈ తేడా ఉంది. పట్టణ ప్రాంతాలకు వర్తించే 2012 నాటి భవన నిర్మాణ నియమాలు (జీవో 168) కట్టడపు విస్తీర్ణంలో ఇంత శాతం పార్కింగ్ ఉండాలని భవనం రకాన్ని బట్టి పట్టిక వేసి చెబుతాయి. 2018 మార్చిలో వచ్చిన జీవో 63 మాల్‌లో, మల్టీప్లెక్స్‌లో నిలిపిన బండికి మొదటి అరగంట రుసుము ఉండకూడదని నిర్ణయించింది. మంచిదే. బండికి అరగంట హక్కును ప్రభుత్వం నిమిషాలతో సహా రాసిపెట్టగలిగింది. రెండు గంటలు బస్సు కోసం నిలబడే బాలింతకు నీడ, నీళ్లు, మరుగుదొడ్డి ఎంత దూరంలో ఉండాలో అంత ఖచ్చితంగా రాసిన పట్టిక ఎక్కడుంది?

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 117 బండ్లు నిలిపే చోట్లు, ఆగే చోట్లు స్థానిక సంస్థను సంప్రదించి నిర్ణయించాలంటుంది. సంప్రదించడం అంటే మన దగ్గర ఒక కాగితం పంపి సంతకం తెప్పించుకోవడం. ఆ కాగితం గ్రామసభ ముందుకు రావాలని అడిగేవాళ్లు ఎంతమంది?

కొండగట్టుకు వచ్చేది ఎవరో ఒకసారి చూడండి. మంగళ, శనివారాల్లో, హనుమాన్ జయంతికి దీక్షాపరులు గుట్ట నిండా ఉంటారు. దీక్ష ఎక్కువగా మగవాళ్లది. ఆ నలభై రోజులూ ఇంట్లో మడి వంట, తెల్లవారుజాము నీళ్లు ఆడవాళ్ల పని. దీక్ష విరమణకు వచ్చేటప్పుడు పిల్లలను, మూటలను మోసేదీ వాళ్లే. స్నానం చేసి బట్టలు మార్చుకోవడానికి ఇద్దరు చీర అడ్డం పట్టుకుని నిలబడటం మనందరికీ తెలిసిన దృశ్యమే. ఇంతగా తెలిసింది కాబట్టే అది ప్రణాళిక లోపంలా అనిపించదు, ఆడవాళ్ల ఓపికలా అనిపిస్తుంది.

ఇంకో సంగతి దీనికంటే బరువైనది. మతి స్థిమితం లేనివారిని, పిల్లలు లేని స్త్రీలను ఇక్కడికి తెచ్చి మండలం రోజులు ఉంచే ఆచారం చాలాకాలంగా ఉంది. ఈ నమ్మకం గురించి, మానసిక చికిత్స గురించి మనకు ఉన్న విమర్శ ఉంది. దాన్ని దాచనవసరం లేదు. అయితే వచ్చినవాళ్లు వచ్చారు. రోగి పక్కన నలభై రోజులు ఉండేది సాధారణంగా తల్లి, భార్య లేక చెల్లెలు. ఆమె ఒక్కతే స్నానానికి పోవాలంటే రోగిని ఎవరికి అప్పగించాలి? రోగి స్త్రీ అయితే రాత్రి గడియ పెట్టుకునే గది కావాలి. పక్కన వెలుతురు కావాలి. దవాఖానకు తీసుకుపోయే బండి కావాలి. సత్రం అనే మాట రాయగానే ప్రణాళిక రాసేవారి కళ్ల ముందు కుటుంబంతో ఒక రాత్రికి వచ్చి పోయే యాత్రికుడు కనబడతాడు. నలభై రోజులు కాపలా కూర్చునే స్త్రీ కనబడదు. ఆమె రుసుము కట్టి గది తీసుకునే మనిషీ కాదు, పార్కింగ్ చీటీ తీసుకునే మనిషీ కాదు. కాబట్టి ఏ రిజిస్టరులోనూ ఉండదు.

ఇప్పుడు ఆడవాళ్లూ కార్లలో వస్తున్నారు కదా అని కొందరు మిత్రులు అంటారు. వస్తున్నారు. కారున్న ఇంట్లో తాళంచెవి ఎవరి జేబులో ఉంటుందన్నది పక్కన పెడితే, 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో స్త్రీలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. ఇంతకుముందు టికెట్ డబ్బుల కోసం ఇల్లు కదలని వాళ్లు కదిలారు. చిన్న విజయం కాదిది. కానీ టికెట్ మాఫీ అయినంత వేగంగా బస్టాండ్లు మారలేదు. ప్రయాణం ఉందంటే ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం తగ్గించే స్త్రీలు ఇప్పటికీ ఉన్నారు.

ఇక వీధి. బండ్లకు గీతలు గీసిన రోజు ఆ గీత మీద కూర్చున్న పూల గంప, కూరగాయల గంప ‘అడ్డం’ అవుతుంది. గంప వెనక ఉన్నది ఎక్కువగా ఆడమనిషి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణాల్లో వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో నలభై శాతం వ్యాపారుల ప్రతినిధులు, వారిలో మూడో వంతు స్త్రీలు. జగిత్యాల, కరీంనగర్‌లలో పనిచేసే సంఘాలు ఈ కమిటీలు ఎన్నిసార్లు కూర్చున్నాయో అడిగి తెలుసుకోవాలి. కొండగట్టు సంగతి వేరు. అది మల్యాల మండలంలోని ముత్యంపేట గ్రామం కిందిది. చట్టం పట్టణాలకే పరిమితం కాబట్టి రోజూ పట్టణమంత జనం వచ్చే గుట్ట కింద గంప పెట్టుకున్న స్త్రీకి ఆ రక్షణ కూడా లేదు.

వేరే చోట్ల వేరేగా చేశారు. వియన్నా నగరం 1990లలో స్త్రీ ఆర్కిటెక్టుల చేత ఒక నివాస సముదాయాన్ని రూపొందింపజేసి, పిల్లలతో, సరుకులతో నడిచే మనిషి రోజువారీ దారి నుంచి గీత మొదలుపెట్టింది. అంత దూరం ఎందుకు, కేరళలో 1990ల చివరలో ప్రజా ప్రణాళిక నిధుల్లో పది శాతం స్త్రీల పథకాలకు తప్పనిసరి చేశారు. ఆ డబ్బు ఎన్నోచోట్ల కుట్టుమిషన్లకే పోయిందన్న విమర్శ వచ్చింది. అయినా అడగడానికి ఒక అంకె చేతిలో ఉండటం వేరు.

మన చేతిలో ఏముంది? 2018 పంచాయతీరాజ్ చట్టం కింద సగం స్థానాలు స్త్రీలవి. గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు ఎన్నికైన పంచాయతీలు లేక ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగి కొత్త సర్పంచులు వచ్చారు. గుడి దేవాదాయ శాఖది, రోడ్డు ఇంకో శాఖది, బస్సు ఆర్టీసీది, పార్కింగ్ పోలీసులది అని చెప్పి ఆమెను తిప్పుతారు. భర్తను పంపమ్మా, మాట్లాడతాం అంటారు. ఆ గదిలో ఆమె పక్కన కూర్చోవలసింది మన సంఘాలు.

చేతిలో కాగితం లేకుండా కూర్చుంటే లాభం లేదు. ఒక మంగళవారం, ఒక శనివారం గుట్ట కింద నిలబడి లెక్క రాద్దాం. బస్సులో ఎందరు దిగారు, ఆటోలో ఎందరు, నడిచి ఎందరు, వాళ్లలో స్త్రీలెందరు, చంటిపిల్లలతో ఎందరు. బస్సు ఆగే చోటు నుంచి ఆడవాళ్ల మరుగుదొడ్డికి ఎన్ని అడుగులు, దానికి తాళం ఎన్ని గంటలకు పడుతుంది. చీకటి పడ్డాక చివరి బస్సు ఏ పల్లె దాకా పోతుంది. కొడిమ్యాల పల్లెలకు ఉదయం ఎన్ని బస్సులు, ఏ తొవ్వన. ఈ లెక్కను గ్రామసభలో చదివి, తీర్మానంగా రాయించి, పార్కింగ్ స్థలం కొలిచే ముందే జిల్లా కలెక్టరుకు, ఆర్టీసీకి, దేవాదాయ శాఖకు ఇవ్వాలి. వేములవాడలో, ధర్మపురిలో, బాసరలో పనిచేస్తున్నవాళ్లు కూడా ఇదే పట్టిక వాడుకోవచ్చు. తీర్మానాల నకళ్లు, రాయనివ్వకపోతే ఏ కారణం చెప్పారో ఆ వివరం మాకు పంపండి. వచ్చే సంచికలో పేజీలు వాటికి ఉంచుతున్నాం.