ఆ 150 కిలోమీటర్ల సాకు

వరంగల్‌లోని మామునూరు విమానాశ్రయం పునరుద్ధరణకు 2025 ఫిబ్రవరి 28న కేంద్రం అనుమతి ఇచ్చింది. సంతోషించాల్సిన సంగతే. కానీ కాంగ్రెస్, బీజేపీ కార్యకర్తలు ఆ సంతోషాన్ని మామునూరులోనే తోపులాటగా మార్చారు. ఘనత ఎవరిదో వాళ్లే తేల్చుకోనీయండి. మాకు మింగుడుపడనిది, ఇద్దరూ పోటీపడి ఒప్పజెబుతున్న ఒకే మాట: శంషాబాద్‌ విమానాశ్రయం చుట్టూ 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న నిబంధన ఉండబట్టే వరంగల్‌కు ఇన్నేళ్లూ విమానం రాలేదట, ఆ అడ్డు ఇప్పుడు తొలగిందట.

తారీఖులు చూద్దాం. నిజాం ఏలుబడిలో 1930లో కట్టిన మామునూరు 1981లో మూతపడింది. ఆ నిబంధన ఉన్న శంషాబాద్‌ విమానాశ్రయ ఒప్పందం కుదిరింది 2004 డిసెంబరులో. శంషాబాద్‌లో విమానాలు దిగింది 2008 మార్చిలో. మరి ఆ 23 ఏళ్లు మామునూరుకు ఏ నిబంధన అడ్డొచ్చింది? అప్పటికి పుట్టని కాగితం మీద అప్పటి నిర్లక్ష్యాన్ని కూడా తోసేస్తున్నారు.

పోనీ, 2008 తర్వాతి సంగతి? కర్ణాటకలోని బీదర్‌ శంషాబాద్‌కు మామునూరు కంటే దగ్గర. అక్కడ 2020 ఫిబ్రవరిలోనే ఉడాన్‌ పథకం కింద ప్రయాణికుల విమానం ఎగిరింది. బీదర్‌లో వైమానిక దళం రన్‌వే ఉంది కదా అంటారేమో. మామునూరులోనూ రన్‌వే ఉంది. కర్ణాటక పట్టుబట్టి సాధించుకుంది, మనవాళ్లు నిబంధన చదివి వినిపించారు. తేడా అంతే.

ఇంతకీ ఆ నిబంధన ఆకాశం నుంచి ఊడిపడిందా? రాసింది, సంతకం చేసింది కేంద్ర పౌర విమానయాన శాఖ. ఎవరి సమ్మతి కోసం ఎదురుచూశామంటున్నారో ఆ హైదరాబాద్‌ విమానాశ్రయ సంస్థలో రాష్ట్ర ప్రభుత్వానికి 13 శాతం, కేంద్రం చేతిలోని ఎయిర్‌పోర్ట్స్‌ అథారిటీకి మరో 13 శాతం వాటా ఉంది. సొంత భాగస్వామిని ఒక మాట అడగడానికి ఇన్నేళ్లు పట్టిందని చెప్పుకోవడం ఘనకార్యమా? అడిగాక ఆ సంస్థ అభ్యంతరం లేదని తీర్మానం చేసింది. సమ్మతితో తొలగేదాన్ని అడ్డుగోడ అనరు. పైగా అది తొలగిందన్నదీ నిజం కాదు. సడలింపు మామునూరుకే పరిమితం. 150 కిలోమీటర్ల లోపు మరే ఊరు విమానాశ్రయం అడిగినా 2033 దాకా అదే నిబంధన ఎదురవుతుంది.

రోడ్డు మీద మూడు గంటల్లో హైదరాబాద్‌ చేరే ఊరి నుంచి రోజూ విమానం నిండుతుందా అన్న సందేహం ఉంది. అది న్యాయమైనదే. జవాబు చెప్పాల్సింది విమానయాన సంస్థలు.

నిబంధన చాటున దాగిన అసలు తప్పు నేల మీద ఉంది. ఒకప్పుడు మామునూరుకు 1,875 ఎకరాలు ఉండేవంటారు. మిగిలింది 696. రన్‌వే పొడిగించడానికి గాడిపల్లి, గుంటూరుపల్లి, నక్కలపల్లి రైతుల నుంచి మరో 253 ఎకరాలు సేకరించాలని తలపెట్టారు. ఇందుకు 2024 నవంబరులో 205 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. విమానాశ్రయం భూమి కరిగిపోతుంటే చూస్తూ ఊరుకున్నది ప్రభుత్వాలు, సాగుభూమి వదులుకోవాల్సింది రైతులు! ఆ 150 కిలోమీటర్ల కథ వీళ్లకు చెప్పి చూడండి.

2008 నుంచి 2024 దాకా హైదరాబాద్‌, ఢిల్లీ గద్దెల మీద కూర్చోని ప్రధాన పార్టీ లేదు. వీరిలో ఎవరి ప్రభుత్వం మామునూరుకు మినహాయింపు కోరుతూ శంషాబాద్‌ సంస్థకు ఏ తేదీన లేఖ రాసింది, ఏం జవాబు వచ్చింది? ఆ ఉత్తరప్రత్యుత్తరాలన్నీ బయటపెట్టాలి. 1981 తర్వాత మామునూరు భూమి ఎకరా ఎకరా ఎవరి చేతికి వెళ్లిందో ఆ జాబితా కూడా ప్రకటించాలి.