గుఱ్ఱమెక్కిన రాజులు

మన బేగంపేటలో పాయగా ప్రభువుల భవనము నెరుగనివారు లేరు. పాయగా యనగా అశ్వశాల. మనము గుఱ్ఱపుసాలను పాగా యనుచున్నది ఆ మాటనే. నిజాముకు గుఱ్ఱపుదండును పోషించిన కుటుంబమున కాపేరు నిలిచినది. గుఱ్ఱమునకును ఏలుబడికిని గల సంబంధ మట్టిది. ఆ నిజాము కొలువులోనే 1798లో మరణించువరకు పటాలములను నడపిన రేమండు ఫ్రెంచివాడు. అతని సమాధి మన నగరముననే యున్నది. ఆతని స్వదేశమున అశ్వారూఢులైన ప్రభువుల పటములు తరువాతి ముప్పదియేండ్లలో ఇంటింట వ్యాపించెను.

మన బాలురు చరిత్ర పుస్తకములలో అట్టి పటములను చూచి యథార్థములని నమ్ముచున్నారు. ఇది నాకు సమ్మతము కాదు.

నెపోలియను ఆల్ప్సు పర్వతములను దాటు పటమునే చూడుడు. స్పెయిను రాజు కోరగా దావీదను చిత్రకారుడు 1801లో దానిని వ్రాసెను. ముంగాళ్లెత్తిన గుఱ్ఱము, గాలికెగయు ఉత్తరీయము! నిజమునకు 1800 మే నెలలో నెపోలియను ఆ కనుమను దాటినది కంచరగాడిదపైని. చిత్రకారుని యెదుట కూర్చుండుటకు సైత మాయన యంగీకరింపలేదు.

తైలచిత్రమును చూచువారు కొందరే. బవేరియాలో సెనెఫెల్డరు కనిపెట్టిన రాతియచ్చు ఆ కొరతను తీర్చెను. నున్నని సున్నపురాతిపై జిడ్డుగల బలపముతో బొమ్మ గీసి, రాతిని తడిపి, సిరా పూయుదురు. నీరు గీతలపై నిలువదు, సిరా గీతలకే యంటును. చెక్కుడు పనిలేదు గనుక శ్రమ తక్కువ, వెలయు తక్కువ. 1816 నాటికి పారిసులో ఇట్టి ముద్రాలయములు వెలసెను. గుఱ్ఱములను గీయుటలో పేరుపడిన కార్లు వెర్నే, ఆతని కుమారుడు హోరేసు, ఈ రాళ్లపై సైనికులను గీసినవారే.

పదునెనిమిదవ లూయీ కీళ్లవాతముచే గుఱ్ఱ మెక్కజాలనివాడు. తమ్ముడు పదియవ చార్లెసు మంచి రౌతు. 1824లో పారిసు నగరమును గుఱ్ఱముపైననే ప్రవేశించెను. ఆ యేటి కవాతును హోరేసు చిత్రించెను. అందు గుఱ్ఱము అబద్ధము కాదు. కాని 1827 నాటి కవాతులో పౌరసైనికులు మంత్రులను దూషించి కేకలు వేయగా, మరునాడే రాజు ఆ దళమును రద్దుచేసెను. మొదటి కవాతును మాత్రమే చూచినవానికి రెండవది యెట్లు తెలియును?

పటములను తీసివేయుడని నే ననను. ఉపాధ్యాయులు ప్రతిపటము క్రిందను రెండు పంక్తులు వ్రాయింతురు గాక: ఎవరు వ్రాయించిరి? జరిగిన యెన్నేండ్లకు వ్రాసిరి?

1830లో చార్లెసు సింహాసనము విడిచెను. రెండేండ్లకు హోరేసు వెర్నే క్రొత్తరాజగు లూయీ ఫిలిప్పును చిత్రించెను, గుఱ్ఱముపైననే.