కామాఠిపురకు నేల మీదే మైదానం కావాలి

ముంబయిలో ఫాక్‌లాండ్ రోడ్డును ఆనుకున్న గల్లీల్లో ఇప్పుడు ఎవరిని కదిలించినా ఒకటే మాట: అయిదు వందల అడుగులు. సుమారు 34 ఎకరాల కామాఠిపురను రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా పూర్తిగా కూల్చి కడుతుంది, ఒంటి గది ఖోలీకి బదులు అయిదు వందల చదరపు అడుగుల ఇల్లు వస్తుంది. ఒక్క గదిలో మూడు తరాలు కాపురం చేసినవాళ్లకు, గ్యాలరీ చివరి సండాసు ముందు డబ్బా పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్లకు, ఆ అయిదు వందల అడుగులు రావాల్సిందే. ఒక్క అడుగు తగ్గినా ఊరుకోకూడదు.

కానీ తలుపు బయట ఎన్ని అడుగులు? ఆ ప్రశ్న మీటింగుల్లో వినపడదు, బిల్డర్ల బొమ్మల్లో కనపడదు. నేను అడుగుతున్నాను, గట్టిగానే అడుగుతున్నాను. ఈ 34 ఎకరాల్లో కనీసం అయిదెకరాలు, ఒకే ముక్కగా, నేల మీద, అందరి మైదానంగా వదలాలి.

అయిదెకరాలంటే ఎక్కువ అడుగుతున్నాడనేవాళ్లు లెక్క చూడండి. ముంబయి 2034 అభివృద్ధి ప్రణాళిక మనిషికి 4 చదరపు మీటర్ల ఖాళీ జాగా లక్ష్యంగా పెట్టుకుంది. ఇక్కడ దాదాపు 8,000 మంది కిరాయిదారులున్నారు. ఇంటికి అయిదుగురు చొప్పున నలభై వేల మంది. ప్రణాళిక మాట నిలబెట్టాలంటే వీళ్లకు దాదాపు 40 ఎకరాలు కావాలి, అంటే మొత్తం కామాఠిపుర కన్నా ఎక్కువ. నేనడిగే అయిదెకరాలు పంచితే మనిషికి అర చదరపు మీటరు వస్తుంది. ఒక మనిషి నిలబడటానికి పట్టేంత జాగా! అమ్మకానికి లేచే టవర్లలోకి కొత్తగా వచ్చేవాళ్లను ఇందులో కలపనే లేదు. ఇది కూడా ఇవ్వలేమంటే, కట్టేది ఊరు కాదు, గోదాం.

ఈ నేలతో మనకున్న సంబంధం ఈనాటిది కాదు. 1784 ప్రాంతంలో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయి సముద్రపు పోటు ఆగాక, ఆరిన పల్లపు జాగాలో నిజాం రాజ్యం నుంచి వలసొచ్చిన తెలుగు కూలీలు, అంటే కామాఠీలు, గుడిసెలు వేసుకున్నారు. రాళ్లు మోశారు, రోడ్లు వేశారు, నగరం గొప్పగా చూపించుకునే భవనాలకు గోడలు లేపారు. వాళ్ల పేరే పేటకు పేరైంది. జోతిబా ఫూలే సత్యశోధక ఉద్యమానికి బొంబాయిలో అండగా నిలిచినవాళ్లలో ఈ పేట తెలుగు కాంట్రాక్టర్లున్నారు, రామయ్య వెంకయ్య అయ్యావారు వంటి సంస్కర్తలున్నారు. అంత చరిత్ర ఉన్న పేటలో పిల్లలు హ్యాండ్‌కార్ట్‌ల మధ్య, టెంపోల మధ్య క్రికెట్ ఆడుతున్నారు. బతుకమ్మ నాడు మన ఆడవాళ్లు గల్లీలో స్కూటర్లు జరిపించుకుని, హారన్ల మధ్యే చప్పట్లు కొట్టాల్సి వస్తోంది.

అదే కట్ట వల్ల ఆరిన నేలలో ఇంకో ముక్క మహాలక్ష్మి రేస్‌కోర్సు. అక్కడి 211 ఎకరాల్లో 120 ఎకరాలు జనం పార్కుకు ఇవ్వాలని 2024లో ఒప్పందమైంది. కోస్టల్ రోడ్డు పక్క జాగా కలిపితే మూడు వందల ఎకరాలకు దగ్గరవుతుందంటున్నారు. రానివ్వండి, సంతోషం. కానీ పొద్దంతా చేటలో తంబాకు, తునికాకు పెట్టుకుని బీడీలు చుట్టే అమ్మ, చంటిపిల్లను ఎత్తుకుని రెండు కిలోమీటర్లకు పైగా నడిచి, ట్రాఫిక్ దాటుకుని అక్కడికి పోతుందా? మోకాళ్ల నొప్పుల తాత పోతాడా? పెద్ద పార్కును చూపించి చిన్న మైదానాన్ని మింగే ఎత్తుగడను ఇప్పుడే పట్టుకోవాలి.

రెండో ఎత్తుగడ ఇంకా ప్రమాదకరం. దాని పేరు పోడియం గార్డెన్. కింద నాలుగైదు అంతస్తుల కార్ల పార్కింగ్, దాని నెత్తిన స్లాబు, స్లాబు మీద తెచ్చిపోసిన మట్టి, అందులో నాలుగు క్రోటన్ మొక్కలు. బ్రోచర్‌లో అది పచ్చగానే కనపడుతుంది. రావిచెట్టు, వేపచెట్టు అక్కడ వేళ్లు ఎక్కడికి దింపాలి? వానాకాలంలో ఈ పల్లపు పేట మీద పడే నీళ్లు ఎక్కడ ఇంకాలి? లిఫ్టు ముందు వాచ్‌మన్ ఎవరిని ఆపుతాడో మనకు తెలియదా? సుప్రీంకోర్టు 2013లో కోహినూర్ కేసులో తేల్చి చెప్పింది: నిబంధన ప్రకారం వదలాల్సిన ఆటస్థలం నేల మీదే ఉండాలి, పోడియం మీద వేసేది దానికి అదనం మాత్రమే. తర్వాత వచ్చిన నిబంధనలు కొంత భాగాన్ని మళ్లీ పైకి ఎక్కనిచ్చాయి. ఆ సందు కామాఠిపురలో వాడొద్దు.

మైదానంలో ఏముండాలో ఆర్కిటెక్టు ఏసీ గదిలో తేల్చితే కుదరదు. ఫౌంటెన్లు, సెల్ఫీ పాయింట్లు మాకొద్దు. మధ్యలో మట్టి ఉండనివ్వండి, పిల్లలు పడినా దెబ్బ తగలకుండా. చుట్టూ నీడ చెట్లు, వాటి కింద బీడీ చేటలతో కూర్చునేంత వెడల్పు అరుగులు, నల్లా, ఆడవాళ్లకు తాళం వేయని సండాసు. రాత్రి వెలుతురు తప్పనిసరి. ఈ పేటలో సెక్స్ వర్క్ చేసే తల్లులు రాత్రి ధంధాలో ఉంటే పిల్లలు ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు 1980ల చివర్లోనే ప్రేరణ సంస్థ ఈ గల్లీల్లో రాత్రి సంరక్షణ కేంద్రం తెరిచి జవాబు చెప్పింది. మైదానం గీసేవాళ్లు ఆ పిల్లలను, ఆ తల్లులను మొదట అడగాలి. వాళ్లను తరిమేసి 'కుటుంబాల పార్కు' అని బోర్డు పెడితే, ఆ బోర్డు పీకడానికి నేను ముందుంటాను.

మైదానం కట్టాక ఎవరి చేతికీ అప్పగించొద్దు. ఖాళీ జాగాల నిర్వహణను ప్రైవేటువాళ్లకు దత్తత ఇచ్చే విధానాన్ని జనం 2016లో ఆపించారు, 2023లో మళ్లీ వస్తే మళ్లీ ఎదిరించారు. మున్సిపాలిటీ సొంత మాలీలు, సొంత బడ్జెట్టు ఉండాలి. గేటు దగ్గర టికెట్టు ఉండకూడదు.

మన తెలుగు సమాజాల పెద్దలకూ ఒక మాట. గుడి మండపానికి చందా అడగడానికి మీరు ఇంటింటికీ తిరుగుతారు; మైదానం కోసమూ అలాగే తిరగండి. పద్మశాలి, మున్నూరు కాపు అని ఎవరి మీటింగు వాళ్లు పెట్టుకోవడం ఈసారికి ఆపి, అన్ని గల్లీలూ కలిసి ఒకే అర్జీ రాయండి. నక్షాను తెలుగు, మరాఠీ, ఉర్దూ, హిందీల్లో ప్రతి గల్లీ మొగదల అంటించాలని మ్హాడాను నిలదీయండి. కొత్త ఇంటి కాగితం మీద ఎవరైనా సంతకం అడిగితే, ముందు ఆ నక్షాలో అయిదెకరాల గీత ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి. చూపించేదాకా కలం తీయొద్దు.