నిదానమే ప్రధానం

గత వేసవిలో మా యింటి కంప్యూటరుకు ఒక వింత జబ్బు పట్టుకొన్నది. చక్కగా పనిచేస్తూ చేస్తూనే చెప్పాపెట్టకుండా ఆరిపోవడం, మరుక్షణం తనంతట తానే లేచి కూర్చోవడం. దీనినే పునఃప్రారంభ మంటున్నారు. (విసర్గ ఉండవలసిన చోట కోలను పెట్టి "పున:ప్రారంభం" అని టైపు చేసే మిత్రులకు ఒక మనవి: విసర్గకు వేరే మీట ఉన్నది. అది దొరకకపోతే "పునరారంభం" అనండి, సంధి దోషమూ ఉండదు, వెతుకులాటా తప్పుతుంది.)

నా భయం యంత్రం గురించి కాదు. మా అమ్మ పాడిన పెళ్ళిపాటలూ, దంపుళ్ళ పాటలూ రెండువందల పైచిలుకు ఆ పెట్టెలో ఉన్నాయి. ఆవిడ పాడుతుండగా నోటుపుస్తకాలలో వ్రాసుకొన్నవాటిని ఉద్యోగ విరమణ తరువాత ఒక్క వేలితో టైపు చేశాను. ఇప్పుడు ఆవిడ లేరు. ఆ పుస్తకాలలో రెండింటిని చెదలు తినివేశాయి.

మరమ్మతు చేసే కుర్రవాడు వచ్చాడు. పెట్టె విప్పలేదు, ఏ వేళకు ఆగుతున్నదని అడగలేదు. "ఫార్మాట్ కొట్టేద్దాం మాస్టారూ, గంటలో అయిపోతుంది" అన్నాడు.

"మరి నా పాటలో?"

"సీ డ్రైవులో ఉంటే పోతాయండీ."

ఆయుర్వేదంలో నిదానమంటే రోగానికి మూలకారణం, దానిని కనిపెట్టడం. మాధవకరుని గ్రంథానికి మాధవనిదానమనే పేరు అందుకే వచ్చింది. మన వాడుకలో మాత్రం ఆ మాటకు తొందరపడకపోవడమని అర్థం. ఫార్మాటు వైద్యంలో ఈ రెండు నిదానాలూ లేవు. అతనిని సాగనంపి, ముందుగా పాటలన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కించుకొన్నాను. తరువాత హాజరుపట్టీ తెరిచినట్లు ఒక పుస్తకం తెరిచి, ఆగిన ప్రతిసారీ తేదీ, వేళ, అప్పుడు చేస్తున్న పని వ్రాయసాగాను.

విండోసులో "స్టార్టప్ అండ్ రికవరీ" అనే చోట "ఆటోమేటికల్లీ రీస్టార్ట్" అని ఒక గడి ఉన్నది. దానికి ముందుగానే టిక్కు పెట్టి మనకు ఇస్తారు. లోపలి వ్యవస్థ కుప్పకూలినప్పుడు నీలితెర మీద దోషమేమిటో కనబడుతుంది గాని, ఆ టిక్కు ఉన్నంతకాలం మనం చదివేలోగానే యంత్రం మళ్ళీ మొదలవుతుంది. తప్పులెక్క చేసి, పంతులు చూసేలోగా పలక తుడుచుకొనే పిల్లవాడి వరస! మనిషి కాపలా లేని సర్వర్లకు ఆ ఏర్పాటు ఉండవచ్చు, ఇంటి కంప్యూటరుకు తగదని నా అభిప్రాయం. టిక్కు తీసివేశాను.

అయినా నీలితెర రాలేదు, ఆగడం మానలేదు. "ఈవెంట్ వ్యూయర్" తెరిచి చూస్తే ప్రతిసారీ కెర్నల్-పవర్ 41 అని ఉన్నది, దాని వివరాలలో బగ్‌చెక్ కోడ్ సున్న. అంటే దోషం వ్రాసుకొనే వ్యవధి కూడా లేకుండా పడిపోయిందన్నమాట. ఇటువంటప్పుడు కరెంటునో వేడినో ముందు అనుమానించాలి. పెట్టె విప్పి పంకాకు పట్టిన దుమ్ము దులిపాను. గుణం కనబడలేదు.

చివరకు నా పుస్తకమే చెప్పింది. పద్నాలుగుసార్లు ఆగితే పదకొండుసార్లు ఉదయం ఆరు గంటల ప్రాంతంలోనో, సాయంత్రం అయిదింటికో. అవి మా ఆవిడ బోరు మోటారు వేసే వేళలు! మోటారు లేచేటప్పుడు క్షణకాలం వోల్టేజి పడిపోతుంది. యూపీఎస్ వెంటనే బ్యాటరీకి మారుతుంది. ఆ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉన్నది. కంప్యూటరు తీసి టేబులు దీపం తగిలించి, గోడ ప్లగ్గు పీకితే దీపం తక్షణం ఆరిపోయింది. కంప్యూటరును నేరుగా గోడకు తగిలిస్తే మోటారు వేసినా చలించలేదు. కంచే చేను మేయడమంటే ఇదే.

కుర్రవాడిని తిట్టుకోవడం న్యాయం కాదు. పెట్టె ముందు గంట కూర్చుని ఆలోచించినందుకు మనమెవరమైనా డబ్బు ఇస్తున్నామా? ఏదో ఒకటి మార్చితేనో, చెరిపివేస్తేనో గాని జేబులో చెయ్యి పెట్టము. ఈ ఫార్మాటు అలవాటులో సగం పాపం మనదే. బ్యాటరీ మార్చడానికి అతనినే పిలిచాను. దాని ధర చేతిలో పెట్టి, పైన మరో రెండువందలు ఇచ్చి, ఆ పుస్తకమంతా చదివించాను.

"ఈ రెండువందలు దేనికండీ?" అన్నాడు.

"చదివినందుకు" అన్నాను.